లోపానికి పేరు పెట్టేదెవరు? కంప్యూటర్ క్యాబినెట్ నాణ్యత, ఉత్పత్తిదారుల బాధ్యత: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

కంప్యూటర్ చరిత్ర రచనలో ప్రాసెసర్లకు, సాఫ్ట్‌వేర్‌కు దక్కిన స్థానం వాటిని మోసే పెట్టెకు దక్కలేదు. అయితే కొనుగోలుదారు చేతికి తగిలేది, కంటికి కనిపించేది ఆ పెట్టే. ఈ వ్యాసం 1980, 2000, 2020 సంవత్సరాలలో వెలువడిన మూడు ఉత్పత్తుల విషయంలో తలెత్తిన వివాదాలను పరిశీలిస్తుంది. ప్రతి సందర్భంలోనూ వివాదం లోహం గురించో ప్లాస్టిక్ గురించో మొదలై, లోపాన్ని ఏ పేరుతో పిలవాలనే ప్రశ్నకు చేరుకుందని, ఆ పేరు స్థిరపడిన తీరును బట్టే కొనుగోలుదారుకు అందిన సహాయం మారిందని ప్రతిపాదిస్తుంది. తెలుగు ప్రాంతాల అసెంబుల్డ్ కంప్యూటర్ల విపణిలో ఇదే ప్రశ్న పొందిన రూపాన్ని, భారత వినియోగదారుల చట్టాలు దానికి ఇచ్చిన సమాధానాన్ని చివరి భాగాలలో చర్చిస్తుంది.

కీలకపదాలు: కంప్యూటర్ క్యాబినెట్, వారంటీ, ఉత్పత్తిదారు బాధ్యత, వస్తులోపం, సేవాలోపం, అసెంబుల్డ్ కంప్యూటర్, వినియోగదారుల రక్షణ చట్టం.

1. ఉపోద్ఘాతం

తెలుగువారు కంప్యూటర్ పెట్టెను రెండు పేర్లతో పిలుస్తారు. దుకాణాలలో అమ్మేవారు, బాగుచేసేవారు దాన్ని 'క్యాబినెట్' అంటారు. ఇళ్ళలో, కార్యాలయాలలో వాడేవారిలో ఎక్కువమంది 'సీపీయూ' అంటారు. సీపీయూ నిజానికి ఆ పెట్టె లోపల అరచేతిలో ఇమిడే ఒక చిప్పు మాత్రమే. భాగం పేరు మొత్తానికి వ్యాపించిన ఈ మార్పును అర్థవ్యాకోచానికి ఉదాహరణగా చెప్పవచ్చు. వాడుకరి దృష్టిలో పెట్టెకు, అందులోని యంత్రానికి భేదం లేదని ఈ వాడుక తెలుపుతుంది. అమ్మకందారు మాటలో మాత్రం ఆ భేదం స్పష్టం. క్యాబినెట్ వేరు, మదర్‌బోర్డు వేరు, విద్యుత్తును అందించే ఎస్‌ఎంపీఎస్ వేరు, వాటి వారంటీలు వేరు. యంత్రం చెడినప్పుడు తగాదా ఈ రెండు మాటల మధ్య ఉన్న ఎడం నుంచే పుడుతుంది.

క్యాబినెట్ చేసే పనులు ప్రధానంగా నాలుగు. మొదటిది, లోపలి భాగాలను కదలకుండా పట్టి ఉంచడం. రెండవది, అవి పుట్టించే వేడిని బయటికి పంపడం. మూడవది, వాటి నుంచి వెలువడే రేడియో తరంగాలు పక్కనున్న రేడియో, టెలివిజన్ల పనిని చెరచకుండా అడ్డుకోవడం. నాలుగవది, లోపల విద్యుత్ బంధనం తెగి లోహపు గోడకు తగిలితే ఆ విద్యుత్తును ఎర్త్ తీగ ద్వారా భూమికి చేర్చి మనిషిని కాపాడడం. రంగు, ఆకారం, మెరుపు వీటి తరువాతివి. కొనేటప్పుడు కంటికి కనిపించేవి మాత్రం ఆ తరువాతివే. కుండను వేలితో తట్టి, మోగే తీరును బట్టి పగులు ఉందో లేదో తేల్చుకొని కొనే అలవాటు తెలుగు సంతలలో ఉంది. క్యాబినెట్‌కు అలాంటి పరీక్ష లేదు. దాని గుణదోషాలు నెలల తరబడి వాడిన తరువాత గాని బయటపడవు. అందువల్ల నాణ్యత అనే ప్రశ్న, అమ్మిన తరువాత ఉత్పత్తిదారు ఎలా నడుచుకున్నాడనే ప్రశ్నతో విడదీయలేనిదిగా ముడిపడింది.

2. ఆపిల్ 3: పెట్టె తప్పా, పలక తప్పా?

1980 మే నెలలో ఆపిల్ సంస్థ వ్యాపార కార్యాలయాల కోసం ఆపిల్ 3 అనే కంప్యూటర్‌ను ప్రకటించింది. దాని ధర 4,340 డాలర్ల నుంచి మొదలైంది. చప్పుడు చేసే ఫ్యాను అందులో ఉండరాదని సంస్థ స్థాపకులలో ఒకరైన స్టీవ్ జాబ్స్ పట్టుబట్టారు. ఫ్యాను లేని యంత్రంలో వేడిని తీసివేసే పని పెట్టె మీద పడింది. అందుకు యంత్రం అడుగు భాగాన్ని బరువైన పోత అల్యూమినియంతో చేశారు. లోపలి వేడిని ఆ లోహం పీల్చుకొని గాలిలోకి వదలాలన్నది ఉద్దేశం. పెట్టెను రూపొందించినవారు జెరీ మానాక్. ఆపిల్ 2 పెట్టె రూపకర్త కూడా ఆయనే.

యంత్రాలు కొనుగోలుదారులకు చేరిన కొద్దికాలానికే ఫిర్యాదులు వచ్చాయి. కొన్ని యంత్రాలు మధ్యలో ఆగిపోయేవి. కొన్ని మొదటి రోజు నుంచే పనిచేయలేదు. వేడెక్కడం, చల్లారడం పదేపదే జరగడం వల్ల చిప్పులు తమ సాకెట్ల నుంచి కొద్దికొద్దిగా పైకి లేచేవి. సంస్థ సాంకేతిక సహాయకులు ఇచ్చిన సలహా కంప్యూటర్ చరిత్రలో తరచుగా ప్రస్తావనకు వస్తుంది. యంత్రాన్ని బల్ల మీద నుంచి రెండు మూడు అంగుళాలు పైకెత్తి కింద పడవేయాలన్నది ఆ సలహా. ఆ కుదుపుకు చిప్పులు తిరిగి సాకెట్లలో కూర్చునేవి. వేల డాలర్లు పోసి కొన్న యంత్రాన్ని కొన్నవాడే ఎత్తి పడవేయవలసి రావడం సంస్థ పేరుకు మచ్చ తెచ్చింది.

లోపం ఎక్కడుందనే విషయంలో సంస్థలోనే ఏకాభిప్రాయం లేదు. ఫ్యాను లేని పెట్టె వల్లనే వేడి పెరిగిందని ఎక్కువమంది నమ్మారు. పెట్టె వేడిని తగినంతగా వదిలిందని, చిక్కు సర్క్యూట్ పలకలోనూ సాకెట్లలోనూ ఉందని మానాక్ వాదించారు. పెట్టె కొలతలు ముందే నిర్ణయమై, పలక వాటిలో ఇమడవలసి రావడం వల్ల భాగాలు దానిపై కిక్కిరిశాయన్న మాట కూడా ఉంది. ఈ మూడవ వివరణ మొదటి రెండింటినీ కలుపుతుంది. పెట్టె నేరుగా తప్పు చేయకపోయినా, పలక తప్పుకు దాని కొలతలే కారణమై ఉండవచ్చు.

ఈ సందర్భంలో ఒక అంశం గమనించదగినది. పెట్టె, పలక, సాకెట్ అన్నీ ఒకే సంస్థవి. తప్పు వీటిలో దేనిదైనా కొనుగోలుదారు వెళ్ళవలసిన తలుపు ఒక్కటే. ఆపిల్ మొదట అమ్మిన దాదాపు 14,000 యంత్రాలను మార్చి ఇచ్చింది. సరిచేసిన యంత్రాన్ని 1981 చివరలో మళ్ళీ విడుదల చేసింది. అయినా పోయిన నమ్మకం తిరిగి రాలేదు. 1984లో ఆ శ్రేణి ముగిసింది. లోపానికి పేరు తేలకపోయినా కొనుగోలుదారుకు పరిహారం అందిన ఘట్టం ఇది.

3. ప్రమాణం వచ్చింది, బాధ్యత చీలింది

1981లో ఐబీఎం విడుదల చేసిన పీసీ ఉక్కు రేకు పెట్టెలో వచ్చింది. గృహాలలో వాడే పరికరాల రేడియో తరంగాలపై అమెరికా సమాచార కమిషన్ 1979లో రూపొందించిన నిబంధనలు లోహపు కవచానికి ప్రాధాన్యం తెచ్చాయి. 1984లో వచ్చిన ఐబీఎం పీసీ ఏటీ కొలతలను ఇతర తయారీదారులు అనుసరించడంతో ఒకరి పలకను మరొకరి పెట్టెలో బిగించే వీలు కలిగింది. 1995లో ఇంటెల్ ప్రకటించిన ఏటీఎక్స్ ప్రమాణం ఈ వీలును స్థిరపరచింది. మరల రంధ్రాలు ఎక్కడ ఉండాలో, వెనుక పలక ఎంత ఉండాలో, ఎస్‌ఎంపీఎస్ ఎక్కడ కూర్చోవాలో ఆ ప్రమాణం చెప్పింది. ఏటీ పద్ధతిలో పెట్టె ముందున్న స్విచ్ వరకు గోడ విద్యుత్తు నేరుగా వచ్చేది. మదర్‌బోర్డుకు పోయే రెండు విద్యుత్ కనెక్టర్లను తారుమారుగా తగిలిస్తే బోర్డు కాలిపోయేది. ఏటీఎక్స్ ఈ రెండు ప్రమాదాలనూ తొలగించింది.

ప్రమాణం తెచ్చిన మేలు పెద్దది. కొనుగోలుదారు తనకు నచ్చిన పెట్టెను విడిగా కొని, అందులోని భాగాలను కాలక్రమంలో మార్చుకోగలిగాడు. అయితే ఏటీఎక్స్ కొలతలను చెప్పింది గాని, రేకు ఎంత మందం ఉండాలో, దాని అంచులను ఎలా మడవాలో, మరల గాడులు ఎన్నిసార్లు బిగింపుకు ఆగాలో చెప్పలేదు. పెట్టెలో పలక ఇమడడానికి కావలసినదంతా ప్రమాణంలో ఉంది. పెట్టె మంచిదో కాదో తేల్చే గీటురాయి అందులో లేదు. పలుచని రేకు పెట్టె కూడా ఏటీఎక్స్ పెట్టే, మందపు అల్యూమినియం పెట్టె కూడా ఏటీఎక్స్ పెట్టే. వేళ్ళు కోసే అంచులు, బిగించగానే గాడి చెరిగే మరలు, ఒకవైపుకు వంగే తలుపు, కొన్ని నెలలకే వదులయ్యే ముందు భాగపు యూఎస్‌బీ రంధ్రాలు కొనుగోలుదారుల సాధారణ అనుభవాలుగా మారినది ఈ ఖాళీలోనే.

దీనికి తోడు బాధ్యత కూడా చీలింది. పెట్టె ఒకరిది, ఎస్‌ఎంపీఎస్ మరొకరిది, బోర్డు ఇంకొకరిది అయినప్పుడు యంత్రం వేడెక్కితే ముగ్గురూ మిగిలిన ఇద్దరిని చూపగలరు. ఆపిల్ 3 కొన్నవారికి ఉన్న ఒకే తలుపు ఇక్కడ లేదు.

4. జీ4 క్యూబ్: పగులా, అచ్చు గీతా?

ఒకే సంస్థ అన్ని భాగాలకు బాధ్యురాలైనా లోపానికి పేరు పెట్టే తగాదా ఆగదని రెండవ ఉదాహరణ తెలుపుతుంది. 2000 జులై 19న ఆపిల్ పవర్ మ్యాక్ జీ4 క్యూబ్‌ను ప్రకటించింది. ఒక్కొక్క భుజం 20 సెంటీమీటర్ల లోపు ఉన్న ఘనాకృతి యంత్రాన్ని స్ఫటికం వంటి పారదర్శక ప్లాస్టిక్ తొడుగులో నిలిపారు. దీని రూపకల్పన జొనాథన్ ఐవ్ నాయకత్వంలో జరిగింది. ఇందులోనూ ఫ్యాను లేదు. వేడి గాలి పైకి లేచే సహజగుణాన్ని ఆధారం చేసుకొని, కింది నుంచి పైకి గాలి పోయే మార్గాన్ని పెట్టె నడిమిలో అమర్చారు. ధర 1,799 డాలర్లు. అదే కాలంలో ఆపిల్ అమ్మిన, విస్తరణకు ఎక్కువ వీలున్న టవర్ యంత్రం 1,599 డాలర్లకు దొరికేది. అంటే కొనుగోలుదారు అదనంగా చెల్లించిన ధర చాలావరకు పెట్టె అందానికే.

క్యూబ్ అందుకున్నవారిలో కొందరికి ఆ పారదర్శక తొడుగులో, ముఖ్యంగా పైభాగంలో, మరల చుట్టూ వెంట్రుకవాసి గీతలు కనిపించాయి. వారు వాటిని 'పగుళ్ళు' అన్నారు. అవి పగుళ్ళు కావని, ప్లాస్టిక్‌ను అచ్చులో పోసినప్పుడు ఏర్పడే గీతలని సంస్థ సమాధానమిచ్చింది. ఈ రెండు పదాలలో దేన్ని అంగీకరిస్తే ఏమి జరుగుతుందో గమనించాలి. గీత పగులైతే అది వస్తులోపం, వారంటీ వర్తిస్తుంది, మార్చి ఇవ్వాలి. అదే అచ్చు గీతైతే అది తయారీ విధానంలో భాగం, అంటే వస్తువు సహజ లక్షణం. అప్పుడు ఫిర్యాదు చేయడానికే ఏమీ మిగలదు. కొనుగోలుదారు కంటికి కనిపించినది మారలేదు. దాని పేరు మారగానే హక్కు మారింది.

సంస్థ చెప్పిన కారణం సాంకేతికంగా అసంబద్ధమేమీ కాదు. కరిగిన ప్లాస్టిక్ అచ్చులో రెండు దిక్కుల నుంచి ప్రవహించి కలిసేచోట గీత ఏర్పడడం పోత పనిలో తెలిసిన విషయమే. అయితే ఇక్కడ అమ్మిన వస్తువు ప్రధాన గుణమే మచ్చలేని పారదర్శకత. లేత రంగు ఉక్కు పెట్టెపై ఉంటే ఎవరూ పట్టించుకోని గీత, అందాన్నే ధరగా వసూలు చేసిన పెట్టెపై లోపమవుతుంది. కాబట్టి లోపాన్ని తయారీ విధానంతో కాక, అమ్మేటప్పుడు ఇచ్చిన మాటతో పోల్చి నిర్ణయించాలి. 2001 జులై 3న ఆపిల్ క్యూబ్ తయారీని నిలిపివేసింది. అమ్ముడుపోయినవి సుమారు 1,50,000. అధిక ధర, విస్తరణకు వీలు లేకపోవడం వైఫల్యానికి ముఖ్య కారణాలు. గీతల వివాదం వాటికి తోడైంది. క్యూబ్ నేడు న్యూయార్క్‌లోని ఆధునిక కళా ప్రదర్శనశాల సేకరణలో ఉంది. కళాఖండంగా దానికి దక్కిన గౌరవం, వాడుకవస్తువుగా దానిపై వచ్చిన ఫిర్యాదు ఒకే పెట్టె గురించినవి.

5. ఎన్‌జెడ్‌ఎక్స్‌టీ హెచ్1: మర తప్పా, పలక తప్పా?

మూడవ ఉదాహరణలో ప్రశ్న అందాన్ని దాటి ప్రాణరక్షణకు చేరుకుంది. అమెరికాకు చెందిన ఎన్‌జెడ్‌ఎక్స్‌టీ సంస్థ 2020 ఫిబ్రవరిలో హెచ్1 అనే నిలువు క్యాబినెట్‌ను విడుదల చేసింది. ధర దాదాపు 350 డాలర్లు. ఎస్‌ఎంపీఎస్, ద్రవంతో చల్లబరిచే అమరిక, గ్రాఫిక్స్ కార్డును మదర్‌బోర్డుకు కలిపే రైజర్ పలక, ఇవన్నీ పెట్టెలోనే బిగించి వచ్చేవి. ఏటీఎక్స్ కాలం నుంచి విడిపోయిన భాగాలు ఇక్కడ మళ్ళీ ఒకే పేరు కిందకు వచ్చాయి. తప్పించుకునే దారి ఉత్పత్తిదారుకు తక్కువ.

రైజర్ పలకను పెట్టెకు పట్టి ఉంచే లోహపు మర, ఆ పలక లోపల 12 వోల్టుల విద్యుత్తు ప్రవహించే రాగి పొరకు తగిలి షార్ట్ సర్క్యూట్ కావచ్చని, దానివల్ల మంట పుట్టవచ్చని బయటపడింది. 2020 నవంబరు చివరలో సంస్థ అమ్మకాలు నిలిపి, లోహపు మరలకు బదులు నైలాన్ మరలను కొనుగోలుదారులకు పంపడానికి సిద్ధపడింది. ఆ పరిష్కారం వెనుక ఉన్న నామకరణం స్పష్టమే. లోపం మరది, మర మారితే లోపం పోతుంది.

2021 జనవరిలో కంప్యూటర్ భాగాలను పరీక్షించే గేమర్స్ నెక్సస్ అనే అమెరికా మాధ్యమ సంస్థ ఈ నామకరణాన్ని ప్రశ్నించింది. పెట్టె మంటకు లోనయ్యే తీరును ప్రయోగపూర్వకంగా చూపింది. అసలు లోపం మర రంధ్రానికి అతి దగ్గరగా విద్యుత్ పొరను ఉంచిన పలక రూపకల్పనలో ఉందని వాదించింది. నైలాన్ మర పోగొట్టుకున్నవాడు ఇంట్లో ఉన్న లోహపు మరను బిగించవచ్చు. పెట్టెను పాతవస్తువుగా కొన్న రెండవ వ్యక్తికి ఈ సంగతే తెలియకపోవచ్చు. అప్పుడు ప్రమాదం మళ్ళీ మొదటికి వస్తుంది. ఈ వాదం తరువాత సంస్థ అధిపతి బహిరంగంగా క్షమాపణ చెప్పి, రైజర్ పలకనే మార్చి ఇవ్వడానికి అంగీకరించారు. 2021 ఫిబ్రవరిలో అమెరికా వినియోగదారు ఉత్పత్తుల భద్రతా కమిషన్ ద్వారా అధికారికంగా ఉపసంహరణ ప్రకటన వెలువడింది. అమెరికాలో దాదాపు 32,000, కెనడాలో వెయ్యికి పైగా పెట్టెలు దాని పరిధిలోకి వచ్చాయి.

మర, పలక అనే రెండు మాటల మధ్య తేడా ఖర్చుకు సంబంధించినది మాత్రమే కాదు. మర అన్నప్పుడు పరిష్కారం కొనుగోలుదారు జాగ్రత్తపై ఆధారపడుతుంది. పలక అన్నప్పుడు ఉత్పత్తిదారు చేసిన మార్పుపై ఆధారపడుతుంది. ఇక్కడ లోపం పేరును మార్చినది ఉత్పత్తిదారూ కాదు, విడివిడిగా ఉన్న కొనుగోలుదారులూ కాదు. సాధనాలు, నైపుణ్యం, ప్రచారబలం ఉన్న మూడవ పక్షం. 1980లో గాని 2000లో గాని ఇంతటి ప్రభావం గల పరీక్షకుల పాత్ర ఈ వివాదాలలో కనిపించదు.

స్వీడన్‌కు చెందిన ఫ్రాక్టల్ డిజైన్ సంస్థ మరుసటి ఏడాది నడుచుకున్న తీరు దీనితో పోల్చదగినది. 2021లో విడుదలైన టారెంట్ క్యాబినెట్‌లో ఫ్యాన్లకు విద్యుత్తును పంచే చిన్న పలక షార్ట్ సర్క్యూట్‌కు లోనయ్యే అవకాశం ఉందని 2022 ఫిబ్రవరిలో ఆ సంస్థ ప్రకటించింది. అమ్మకాలు ఆపింది. ఆ పలకను వెంటనే తొలగించి, ఫ్యాన్లను నేరుగా మదర్‌బోర్డుకు తగిలించుకొమ్మని సూచించింది. బదులు పలకలను ఉచితంగా పంపింది. దోషభాగాన్ని మొదటి ప్రకటనలోనే దాని పేరుతో చెప్పడం వల్ల పరిష్కారం ఒక్క అడుగులో పూర్తయింది. రెండు సంస్థల ఉత్పత్తులలోనూ లోపం ఉంది. సహాయపు నాణ్యతలో వచ్చిన తేడా ఆ లోపాన్ని పేర్కొన్న తీరులో ఉంది.

6. తెలుగు ప్రాంతాలలో: షాకా, ఎర్తింగా?

పై మూడు సందర్భాలలో కొనుగోలుదారుకు ఎదురుగా పేరున్న ఒక సంస్థ నిలిచింది. తెలుగు ప్రాంతాలలో ఎక్కువమంది ఎరిగిన అసెంబుల్డ్ కంప్యూటర్ విషయంలో ఆ స్పష్టత లేదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి విపణులలో విడిభాగాలు కొని, దుకాణంలోనే బిగించి ఇచ్చే పద్ధతి సాగింది. జిల్లా కేంద్రాల దుకాణాలూ ఇదే పద్ధతిని అనుసరించాయి. కొనుగోలుదారు ప్రాసెసర్ గురించి, మెమరీ గురించి పదిమందిని అడిగి తెలుసుకొనేవాడు. క్యాబినెట్‌ను మాత్రం చూపు బట్టి ఎంచుకొనేవాడు. చవకరకం క్యాబినెట్లతో పాటు ఎస్‌ఎంపీఎస్ కలిసే వచ్చేది. దానిపై ముద్రించిన వాట్ల సంఖ్యను నమ్మడం తప్ప పరీక్షించే మార్గం కొనుగోలుదారుకు లేదు.

ఇక్కడి వాడుకరుల ఫిర్యాదులలో ఎక్కువగా వినిపించేది ఒకటుంది. 'సీపీయూ ముట్టుకుంటే షాక్ కొడుతోంది' అనేది ఆ ఫిర్యాదు. దానికి దుకాణదారు ఇచ్చే సమాధానం కూడా అంతే సుపరిచితం. 'మీ ఇంట్లో ఎర్తింగ్ లేదు' అనేది ఆ సమాధానం. ఇందులో సాంకేతిక సత్యం ఉంది. ఎస్‌ఎంపీఎస్‌లో విద్యుత్ తరంగాల రొదను వడకట్టడానికి ఫేజ్‌కు ఎర్త్‌కు మధ్య ఒకటి, న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య ఒకటి చొప్పున చిన్న కెపాసిటర్లు ఉంటాయి. గోడ సాకెట్‌లో ఎర్త్ తీగ సరిగా ఉంటే వాటి గుండా వచ్చే కొద్దిపాటి విద్యుత్తు భూమిలోకి పోతుంది. ఎర్త్ లేనప్పుడు లోహపు పెట్టె సరఫరా వోల్టేజీలో ఇంచుమించు సగం వద్ద, అంటే 230 వోల్టుల సరఫరాలో 115 వోల్టుల దగ్గర నిలుస్తుంది. ప్రవాహం అతి స్వల్పం కనుక మామూలుగా ప్రాణాపాయం ఉండదు. చేతికి చిమచిమ మాత్రం తెలుస్తుంది.

అయితే ఆ సమాధానం సగమే. నాసిరకం ఎస్‌ఎంపీఎస్‌లో బంధనం దెబ్బతిని ఫేజ్ తీగ పెట్టెకు తగిలినా వాడుకరి చెప్పే మాట అదే, షాక్ కొడుతోందని. మొదటిది సహజమైన స్వల్ప ప్రవాహం. రెండవది ప్రాణం తీయగల లోపం. ఎర్త్ లేని ఇంట్లో ఈ రెండింటినీ స్పర్శతో వేరుచేయాలనుకోవడం ప్రమాదకరం. మీటరుతో కొలిచి చూస్తే గాని తేలదు. కొలవకుండానే 'ఎర్తింగ్' అనే పేరు పెట్టడంతో లోపం పెట్టె నుంచి ఇంటి గోడకు మారిపోతుంది. దుకాణదారు బాధ్యత అక్కడితో ముగుస్తుంది. ఎర్త్ లేకపోవడం నిజమైన సందర్భాలలో కూడా, లోహపు పెట్టె గల యంత్రాన్ని అమ్మేటప్పుడు ఎర్త్ ఆవశ్యకతను ముందుగా చెప్పవలసిన బాధ్యత అమ్మకందారుకు ఉంటుంది. వారంటీ పత్రాలు సాధారణంగా ఆంగ్లంలోనే ఉండడం వల్ల ఆ హెచ్చరిక ముద్రితమై ఉన్నా తెలుగు మాత్రమే చదివే వాడుకరికి చేరదు.

7. చట్టం ఇచ్చిన నిర్వచనం

లోపానికి పేరు పెట్టే అధికారం పూర్తిగా ఉత్పత్తిదారు చేతిలో ఉండకుండా చూడడమే వినియోగదారుల చట్టాల సారాంశమని చెప్పవచ్చు. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం, ఫలానా సంస్థ భాగాలనే వాడాలని, ఫలానా చోటనే బాగుచేయించాలని వారంటీకి షరతు పెట్టడాన్ని చాలావరకు నిషేధించింది. పెట్టె తెరిస్తే వారంటీ పోతుందని అంటించే చీటీలు ఈ చట్టానికి విరుద్ధం కావచ్చని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2018లో ఆరు సంస్థలను హెచ్చరించింది.

భారతదేశంలో 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వస్తువు లోపాన్ని, సేవ లోపాన్ని వేరువేరుగా నిర్వచించింది. 2019 చట్టం ఆ భేదాన్ని నిలుపుకొంది. క్యాబినెట్ తుప్పు పట్టడం వస్తులోపం. వారంటీ ఉన్నా నెలల తరబడి బదులు ఇవ్వకపోవడం సేవాలోపం. ఈ రెండింటికీ వేర్వేరుగా పరిహారం కోరవచ్చు. వస్తులోప నిర్వచనంలో చట్టం, ఒప్పందం కోరే ప్రమాణంతో పాటు వ్యాపారి ఏ రూపంలోనైనా చెప్పుకొన్న గొప్ప కూడా కొలబద్దగా ఉంది. క్యూబ్ వంటి వివాదానికి ఈ నిర్వచనం నేరుగా వర్తిస్తుంది. పారదర్శకతను చెప్పి అమ్మినవారు గీతను తయారీ లక్షణమని తోసిపుచ్చడం ఈ కొలబద్ద ముందు కష్టం.

2020 జులైలో అమలులోకి వచ్చిన 2019 చట్టం ఉత్పత్తి బాధ్యత అనే కొత్త అధ్యాయాన్ని చేర్చింది. ఇతరులు చేసిన భాగాలను కూర్చేవాడు, ఇతరులు చేసిన వస్తువుపై తన గుర్తు వేసుకొనేవాడు కూడా ఉత్పత్తిదారే అని అది పేర్కొంది. అసెంబుల్డ్ కంప్యూటర్ విషయంలో ఈ నిర్వచనానికి ఉన్న ప్రాముఖ్యం చెప్పనక్కరలేదు. ఉత్పత్తిదారు ఎవరో తెలియనప్పుడు అమ్మకందారే బాధ్యుడని, తగిన సూచనలు, హెచ్చరికలు ఇవ్వకపోవడం కూడా బాధ్యతకు కారణమని చట్టం చెబుతుంది. షాక్ వల్ల మనిషికి, మంట వల్ల ఇంటికి జరిగిన హాని ఈ అధ్యాయం కిందకు వస్తుంది. వస్తువుకే జరిగిన నష్టం ఇందులోకి రాదు, దానికి వస్తులోపం కింద వేరుగా ఫిర్యాదు చేయాలి. ప్రమాదకరమైన వస్తువులను విపణి నుంచి వెనక్కు రప్పించే అధికారం ఇదే చట్టం కింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థకు ఉంది.

విధానపరమైన మార్పులూ ఉన్నాయి. ఫిర్యాదుదారు తాను నివసించే చోటనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. రూ. 5 లక్షల లోపు విలువకు రుసుము లేదు. గడువు రెండు సంవత్సరాలు. అయితే ఈ హక్కులన్నింటికీ గట్టి ఆధారం బిల్లు. పన్ను లేకుండా తక్కువకు వస్తుందని ఎస్టిమేట్ చీటీతో కొన్నవారికి తాము కొన్నట్లు నిరూపించుకోవడమే కష్టమవుతుంది. బిల్లు ఇవ్వకపోవడాన్ని కూడా 2019 చట్టం అనుచిత వ్యాపార పద్ధతులలో చేర్చింది.

8. ముగింపు

నాలుగు దశాబ్దాల ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. క్యాబినెట్ నాణ్యతపై తలెత్తిన ప్రధాన వివాదాలు పదాల రూపం ధరించాయి. పెట్టె-పలక, పగులు-అచ్చు గీత, మర-పలక, షాక్-ఎర్తింగ్ అనే జంటలలో ఒక్కొక్క పదం బాధ్యతను ఒక్కొక్కరి మీద మోపుతుంది.

2. ఏటీఎక్స్ ప్రమాణం కొలతలను ఏకం చేసింది, ఎంపికను పెంచింది. నాణ్యతకు కొలబద్ద ఇవ్వలేదు. భాగాలతో పాటు బాధ్యత కూడా విడిపోయింది.

3. ఉత్పత్తిదారు సహాయం ఎంత త్వరగా అందిందన్న దానికంటే, లోపాన్ని సరైన చోట గుర్తించి ప్రకటించాడా అన్నదే ముఖ్యం. హెచ్1 విషయంలో తొలి సహాయం వచ్చినా ప్రమాదం తొలగకపోవడం, టారెంట్ విషయంలో తొలగిపోవడం దీనికి నిదర్శనాలు.

4. భారత చట్టంలోని నిర్వచనాలు అసెంబుల్డ్ కంప్యూటర్ కొన్నవారికి కూడా వర్తించేంత విశాలమైనవి. వాటిని వాడుకోవడానికి అడ్డుగా ఉన్నవి బిల్లు లేని కొనుగోలు, కొలిచి చూడకుండా పెట్టే పేర్లు, తెలుగులో లేని హెచ్చరికలు.

మరమ్మతు దుకాణాల వారు, వాడుకరులు యంత్రదోషాలను చెప్పడానికి వాడే తెలుగు మాటలను సేకరించి, వాటిని వారంటీ పత్రాలలోని, వినియోగదారుల కమిషన్ల తీర్పులలోని పదజాలంతో పోల్చే పరిశోధన జరగవలసి ఉంది. వాడుకరి చెప్పిన 'షాక్' తీర్పులో ఏ మాటగా మారుతుందో, ఆ మార్పులో ఏది నిలిచి ఏది జారిపోతుందో ఆ పోలిక ద్వారా తెలుస్తుంది. భాషాధ్యయనం వినియోగదారు హక్కుకు నేరుగా తోడ్పడగల రంగాలలో ఇది ఒకటి.